కింది ముక్కు నీళ్ళలో ఉండాలి

పళ్ళ డాక్టరుకి పక్షుల పిచ్చి ఎప్పుడు పట్టిందో ఆయన భార్యకి బాగా గుర్తు. పెళ్ళయిన కొత్తలో కాదు, అప్పుడు ఆయనకి వేరే పిచ్చులుండేవి. కూతురు చదువు ముగించి ఉద్యోగంలో చేరి వేరే ఊరు వెళ్ళాక, ఇంట్లో ఒకరి మొహం ఒకరు చూసుకోవడం తప్ప వేరే కాలక్షేపం లేని రోజుల్లో, ఒక ఆదివారం ఇద్దరూ నది ఒడ్డుకి వెళ్ళారు. నది మధ్య ఇసుక దిబ్బ మీద కొన్ని పక్షులు గుంపుగా నిలబడి ఉన్నాయి. నల్లటి వీపు, తెల్లటి పొట్ట, నారింజ రంగు ముక్కు. డాక్టరు చూసినవాడు చూసినట్టే ఆగిపోయాడు. ఆ పక్షికి పై ముక్కు కన్నా కింది ముక్కు బాగా పొడుగు.

కింది దవడ ముందుకి వచ్చిన పిల్లల నోళ్ళకి తీగలు బిగించి, వెనక్కి లాగి, వాళ్ళ తల్లులకి పెళ్ళి బెంగ తీర్చి బతికిన మనిషి ఆయన. "ఈ కేసు నా దగ్గరికొచ్చుంటే సరిచేసి పంపేవాణ్ణి. పాపం, ఆకలితో చచ్చేది," అన్నాడు.

దాన్ని స్కిమ్మర్ అంటారని పుస్తకాలు తిరగేసి కనుక్కున్నాడు. ఎండ తగ్గాక అది నీటికి ఆనీ ఆనకుండా ఎగురుతూ, నోరు తెరిచి, కింది ముక్కు ఒక్కటే నీళ్ళలోకి దించుతుంది. బట్టల కొట్టువాడు కత్తెరని మూయకుండా తానులో తోసుకుంటూ పోయినట్టు, నదిని బారుగా కోసుకుంటూ పోతుంది. ముక్కుకి చేప తగిలితే పైది టక్కున మూసుకుంటుంది. పడవవాడు దాన్ని కత్తెర పిట్ట అనేవాడు. డాక్టరు భార్య మాత్రం "మీ పేషెంట్లు" అనేది.

ఆ తరవాత ఇంట్లోకి కెమెరాలొచ్చాయి, లెన్సులొచ్చాయి, లెన్సుని మొయ్యడానికి స్టాండు కాళ్ళొచ్చాయి, ఆ కాళ్ళు మొయ్యడానికి సంచులొచ్చాయి. సంచులు మొయ్యడానికి ఆమె ఉండనే ఉంది. మొదట్లో నది దగ్గర ఆమె ఉద్యోగం ఫ్లాస్కు మూత తియ్యడం, పెట్టడం, గాలికి లేచిపోయిన టోపీ వెనక పరిగెత్తడం. ఈ ఉద్యోగంలో ఎదుగుదల లేదని తొందరగానే తెలిసిపోయింది. ఆయన కొత్త కెమెరా కొన్నప్పుడు పాతదాన్ని అడిగి పుచ్చుకుని, ఒడ్డునే తుంగ మొక్కల మధ్య కూర్చుని, తూనీగల్ని తియ్యడం మొదలుపెట్టింది.

తూనీగల్ని వెంటపడి తీసినవాళ్ళెవరూ లేరు. అది ఒక పుల్ల చివర కూర్చుంటుంది, దోమ కనిపిస్తే లేస్తుంది, పట్టుకుని మళ్ళీ అదే పుల్ల మీదకి వస్తుంది. ఎగిరిపోయింది కదా అని కెమెరా తిప్పేసినవాడికి ఏమీ దొరకదు. ఖాళీ పుల్ల చివర మీద ఫోకస్ పెట్టి, లెన్సుని అక్కడే బిగించి, ఊపిరి బిగబట్టి ఉండాలి. పొయ్యి మీద పాలు పెట్టి పొంగేదాకా నిలబడ్డ చేతులకి అదో పెద్ద విద్య కాదు. కొన్నాళ్ళకి ఆమె వేళ్ళు తమంతట తామే పుల్ల చివరలు వెతుక్కునేవి. ఎర్రవాటిని, నీలంవాటిని, గుడ్లు పెట్టడానికి తోకతో నీటిని ముద్దుముద్దుగా తడుతూ పోయేవాటిని బోలెడు తీసింది.

ఒకరోజు డాక్టరు పుస్తకంలో చూసి, ఆమె ఎర్ర తూనీగలది కూడా స్కిమ్మర్ల కుటుంబమేనని చెప్పాడు. నీటి మీద అలా అలా తాకిపోతాయి కనక ఆ పేరట.

"అయితే ఇక్కడ కూడా మీ ఇంటిపేరే అంటగట్టారన్న మాట," అందామె.

అప్పటినించి నది మీద ఈకలున్నవన్నీ ఆయనవి, ఈకలు లేనివన్నీ ఆమెవి. ఎవరూ రాసుకోలేదు, కానీ ఎవరూ దాటలేదు. కొంగ ఎంత అందంగా ఒళ్ళు విరుచుకున్నా ఆమె తలెత్తేది కాదు. తూనీగ వచ్చి ఆయన టోపీ అంచు మీద కూర్చున్నా ఆయన కదిలేవాడు కాదు, ఆమెని పిలిచేవాడు.

డాక్టరు దగ్గర స్కిమ్మర్ ఫొటోలు అల్మారా నిండా ఉన్నాయి. నిలబడ్డవి, పడుకున్నవి, పిల్లకి నీడపట్టినవి, తడిసిన పొట్టతో వచ్చి గుడ్లని చల్లబరుస్తున్నవి. లేనిది ఒక్కటే, ఆయన మొదటిరోజు నించీ కోరుకున్నది. కింది ముక్కు నీళ్ళలో ఉండాలి, పైది తెరిచి ఉండాలి, వెనక నీటి మీద గీత సాగి ఉండాలి. పక్షి వేగానికి ఆయన వేలు ఎప్పుడూ ఒక అడుగు వెనకే ఉండేది. వచ్చే ఏడు చూద్దాంలే అనేవాడు. ఏడాదికో కొత్త వచ్చే ఏడు ఉండేది.

ఒక ఎండాకాలం మొదట్లో ఆయన ఉన్నట్టుండి క్లినిక్ మూసేశాడు. నడుం నొప్పి అన్నాడు. మనిషి తిన్నగానే నడుస్తున్నాడు. కానీ టీ కప్పు పక్కన టీ పోస్తున్నాడు. పేపరు తిరగేసి పక్కన పడేస్తున్నాడు. మాట్లాడుతున్నప్పుడు ఆమె మొహం వైపు కాక చెవి పక్కగా, వెనక ఇంకెవరో నిలబడ్డట్టు చూస్తున్నాడు. పెళ్ళయి ఇన్నేళ్ళయింది, మొహం మొత్తిందేమోలే అనుకుందామె. ఆయన మొహం తనకీ అప్పుడప్పుడూ మొత్తేది కనక పెద్దగా పట్టించుకోలేదు. గ్లాసు అందించబోతే ఆయన చెయ్యి గ్లాసుకి జానెడు పక్కన గాలిని పట్టుకున్న రోజు మాత్రం, స్టవ్ ఆపేసి, ఆయన్ని తీసుకుని ఆడపడుచు దగ్గరికి వెళ్ళింది.

ఆడపడుచు కళ్ళ డాక్టరు. ఆ కుటుంబంలో ఎవరి నోరు చెడ్డా, ఎవరి కన్ను చెడ్డా బయటికి వెళ్ళే పని లేదు. అన్నగారిని చీకటి గదిలో కూర్చోబెట్టి చాలాసేపు చూసింది. తరవాత ఆయన్ని బయట కూర్చోమని, వదిన ఎదురుగా కూర్చుని చేతులు రెండూ బల్ల మీద పెట్టుకుంది. చూపు మధ్యలో మచ్చ పడుతోందనీ, రెండు కళ్ళకీ పడుతోందనీ, ఇంజెక్షన్లతో కొన్నాళ్ళు ఆపొచ్చేమో గానీ పోయింది తిరిగి రాదనీ చెప్పింది. వచ్చే ఎండాకాలానికి మధ్యభాగంలో మిగిలింది కూడా దాదాపు పోతుందంది.

"అన్నయ్య పడిపోడు వదినా, గోడకి గుద్దుకోడు. పక్కనించి వచ్చేది తెలుస్తుంది. ఎదురుగా ఉన్నదే కనపడదు."

"మగవాళ్ళందరికీ అంతేగా," అంది ఆమె.

ఆడపడుచు నవ్వలేదు. తనూ నవ్వలేదు. అలవాటుగా వచ్చిన మాట, వచ్చి అక్కడే బల్ల మీద పడి ఉండిపోయింది.

ఆయనకి ఇదంతా చాలా నెలల నించి తెలుసని తరవాత బయటపడింది. ఎలా ఉంది, ఏం కనిపిస్తోంది అని ఆమె ఎన్నిసార్లు అడిగినా, బానే ఉంది అనే అన్నాడు. రోగి నోట్లో డ్రిల్లు పెట్టి నొప్పిగా ఉందా అని అడిగిన మనిషికి జవాబు వినే అలవాటు లేదు, ఇచ్చే అలవాటు అసలే లేదు. ఒక్క విషయం మాత్రం అన్నం దగ్గర తేల్చి చెప్పాడు. వానలు పడి ఇసుక దిబ్బ మునిగేలోగా ఆ ఫొటో తీస్తాడట. పక్షుల ఫొటోలు తీసే క్లబ్బు వాళ్ళకి కళ్ళ సంగతి చెప్పకూడదట. "నువ్వు తీసిపెడతాననకు. నా వేలు నొక్కాలి. లేకపోతే వద్దు," అన్నాడు.

ఆమె సరే అంది. ఆ ఎండాకాలం వారం వారం వెళ్ళారు. ఆయన కంటిని కెమెరాకి ఆనిస్తే పక్షి సరిగ్గా మధ్యలోకి వచ్చినప్పుడే మాయమయ్యేది. తెచ్చిన ఫొటోలన్నీ ఆకాశం, ఇసుక, ఒకసారి పడవవాడి మోకాలు. ఆమె వాటిని ఒక్కొక్కటీ చూసి ఉన్నది ఉన్నట్టు చెప్పేది. ఆయన విని, చెరిపెయ్యి అనేవాడు.

ఆకాశం మబ్బేసి ఉక్కపోసిన ఒక సాయంత్రం, ఇంక వచ్చే వారానికి దిబ్బ ఉండదని పడవవాడు చెప్పాడు. ఎగువన వానలు మొదలయ్యాయి. వేసవి మొదట్లో పుట్టిన పిల్లలు ఎగురుతున్నాయి గానీ, ఆలస్యంగా పెట్టిన గూళ్ళలో ఇంకా గుడ్లు, గుడ్డు పగిలి రెండ్రోజులైన పిల్లలు ఉన్నాయి. గూళ్ళంటే గూళ్ళు కావు, ఇసుకలో అరచేతి గుంటలు. అంతే.

పడవవాడు డాక్టరుకి పాత పేషెంటు. డాక్టరుగారు పెట్టిన పన్నుతోనే ఇవాళ్టికీ చెరుకు నములుతున్నానని ఎక్కినప్పుడల్లా చెప్పేవాడు, దిగేటప్పుడు ఆ పన్ను చూపించేవాడు. ఆ రోజు చూపించలేదు. చూపించినా ఆయనకి కనపడదని ఎలాగో గ్రహించినట్టున్నాడు.

దిబ్బకి దూరంగా నీళ్ళలో ఎర్ర గుడ్డ కట్టిన కర్రలు ఉన్నాయి. గూళ్ళు పెట్టే రోజుల్లో పడవలు ఆ కర్రలు దాటకూడదు. ఆ కర్రలు పాతించింది డాక్టరే. దాటి వెళ్ళినందుకు క్లబ్బులో ఒక పెద్దమనిషితో ఏడాదిపాటు మాట్లాడటం మానేసింది కూడా ఆయనే. పడవ కర్రల దగ్గరికి వచ్చి ఆగింది.

"ఇంకొంచెం పోనీ," అన్నాడు డాక్టరు.

పడవవాడు అమ్మగారి వైపు చూశాడు. భర్త మాటకి అడ్డం రావడం ఆమెకి కొత్త కాదు, పడవవాడి ముందు రావడం కొత్త. ఆ తటపటాయింపులోనే పడవ కర్రలు దాటింది.

దిబ్బ మీద పక్షులు ముందు తలలు తిప్పాయి. తరవాత ఒకటి లేచింది, నాలుగు లేచాయి, చూస్తుండగానే అన్నీ లేచి, కుక్కపిల్లల్లా మొరుగుతూ పడవ మీద తిరగసాగాయి. అవి లేచిన చోట ఇసుక ఖాళీగా ఉన్నట్టే ఉంది. కళ్ళు చికిలించి చూస్తే అందులో ఇసుక రంగు ముద్దలు, ఇసుకకి అంటుకుపోయి, కదలకుండా ఉన్నాయి. మబ్బు ఉంది గానీ పగలంతా కాగిన ఇసుక. తల్లి పొట్ట కింద తప్ప వాటికి చల్లదనం లేదని ఆమెకి నేర్పింది ఆయనే.

"లేచాయా?" అని అడిగాడు డాక్టరు. ఆయన తల పక్కకి తిప్పి వింటున్నాడు.

"అన్నీ లేచాయి."

"దగ్గరైతే నాకు దొరుకుతుంది. ఒక్కసారి."

"గుడ్డు ఉడకడానికి ఎంతసేపు పడుతుందో మీకు తెలీదు. నాకు తెలుసు," అందామె.

డాక్టరు మొహం ఎర్రబడింది. "నీకేం. నీకు కనిపిస్తోంది," అన్నాడు. ఇన్నేళ్ళలో ఆమెతో ఆ గొంతుతో మాట్లాడలేదు. పడవవాడు తెడ్డు చివర తేరిపార చూడటం మొదలుపెట్టాడు. పక్షులు మొరుగుతూనే ఉన్నాయి. ఆయన ఆ అరుపుల కింద కాసేపు తల వంచుకుని కూర్చుని, ఎవరి వంకా చూడకుండా, "తిప్పవయ్యా," అన్నాడు.

పడవ కర్రలు దాటి వెనక్కి వచ్చాక, లేచినవి నాలుగేసి చొప్పున దిగాయి. ఇవతలి ఒడ్డున తుంగలోకి పడవ దూర్చి నిలిపాక ఆమె ఫ్లాస్కు తీసి టీ పోసి, కప్పుని ఆయన చేతిలోనే పెట్టి, వేళ్ళు మూసింది. అప్పుడు తనకి తోచింది చెప్పింది.

స్కిమ్మర్ ఒకసారి నీటిని కోసుకుంటూ వెళ్ళిన దారినే వెనక్కి తిరిగి మళ్ళీ వస్తుంది. గీత పడ్డచోట కదిలిన నీళ్ళలోకి చిన్న చేపలు చేరతాయి కనక. ఆ సంగతి కూడా ఆయన చెప్పిందే. అయితే దాన్ని వెతకడం దేనికి? తూనీగకి పుల్ల ఎలాగో దీనికి గీత అలాగ. మొదటిసారి వెళ్ళనిచ్చి, గీత ఎక్కడ పడిందో చూసి, అక్కడే ఫోకస్ పెట్టి లెన్సుని బిగించేద్దాం. కెమెరా ఇసుక సంచి మీద కదలకుండా ఉంటుంది. మీరు లోపలికి చూడొద్దు, పైనుంచి, పక్క చూపుతో చూడండి. నల్లగా ఏదైనా అడ్డం వచ్చిందా, నొక్కండి.

ఆయన కప్పు కింద పెట్టాడు. ఫోకస్ నువ్వు పెడితే ఫొటో ఎవరిదవుతుందని అడిగాడు.

"క్లినిక్ పెట్టిన కొత్తలో మీ కుర్చీ, దీపం సర్దింది నేను. పన్ను పీకింది నేనని ఎవరైనా అన్నారా?"

"అన్నారు. అరిచినవాళ్ళందరూ నీ వైపే చూసేవాళ్ళు," అన్నాడాయన. పడవవాడు నవ్వాడు. కోపం అక్కడితో నీళ్ళలో కలిసిపోయింది.

వెలుతురు పచ్చబడింది. ఒక స్కిమ్మర్ దిబ్బ నించి లేచి, రెక్కలు పైకే ఆడిస్తూ, నీటి మీదకి దిగి, తుంగకి ఎదురుగా బారుగా కోసుకుంటూ పోయింది. గీత కాసేపు అలాగే మెరుస్తూ నిలిచింది. ఆమె కెమెరా వెనక్కి జరిగి, ఆయన పెద్ద లెన్సుకి మొదటిసారి కన్ను ఆనించింది. ఉత్త నీటి మీద ఫోకస్ నిలవదు, పట్టుకోవడానికి ఏదో ఒకటి కావాలి. గీత పక్కనే నీళ్ళలోంచి ఒక విరిగిన కర్ర కొన బయటికి పొడుచుకుని ఉంది. లెన్సు మీది రింగు తిప్పి దాని మీద సరిచేసింది. కర్ర బెరడు కూడా కనిపించింది. అంతా అయిపోయింది, రింగు కదలకుండా ప్లాస్టరు ముక్క అంటించడమే మిగిలింది.

అప్పుడే ఎడమ అంచున, ఇవతలి తుంగ పుల్ల చివర మీదకి ఎర్ర తూనీగ వచ్చి వాలింది.

అంత పెద్ద లెన్సులోంచి ఆమె తూనీగని ఎప్పుడూ చూడలేదు. ఒక్కసారి ఎలా ఉంటుందో చూద్దామనుకుంది. పండగ వంటలో ఎవరూ లేనప్పుడు ఒక ముక్క నోట్లో వేసుకున్నంత చిన్న కోరిక. రింగు కొంచెం తిప్పింది. రెక్కల్లో జాలీ, వీపు మీద నూగు, లోకమంతా నింపేసిన ఎర్రటి కళ్ళు. పడవవాడు గుసగుసగా, "వస్తోందమ్మగారూ," అన్నాడు. డాక్టరు చెయ్యి చాచి, "పెట్టావా?" అన్నాడు. "పెట్టాను," అంటూ ఆమె వేళ్ళు ప్లాస్టరు అంటించేశాయి. పుల్ల చివర స్పష్టంగా ఉంటే బిగించెయ్యడం ఆ వేళ్ళకి అలవాటు.

ఆయన కెమెరా వెనక కూర్చుని, వేలు మీట మీద పెట్టి, తల బాగా కుడికి తిప్పి, నదిని చెవితో చూస్తున్నవాడిలా కూర్చున్నాడు. పక్షి వచ్చింది. ముక్కు నీటిని చీలుస్తున్న సన్నటి చప్పుడు పడవలోకి వినిపించింది. కెమెరా టకటకమని కొట్టుకుంది. సరిగ్గా అదే క్షణాన ఆమె చెయ్యి, మెళ్ళో వేలాడుతున్న తన పాత కెమెరాని ఎత్తి ఒక్కసారి నొక్కింది. ఆయన కెమెరా చప్పుడులో ఆ చప్పుడు కలిసిపోయింది. ఈకలున్నదాన్ని ఆమె తియ్యడం అదే మొదలు. చెయ్యి ఊరుకోలేదు, అంతే.

"పడింది," అన్నాడు డాక్టరు. మెల్లగా, తనలో తనే అన్నట్టు. పంటి వేరు పూర్తిగా ఊడి వచ్చినప్పుడు చేతికి తెలిసిపోతుందని ఆయన చెప్పేవాడు, అలాంటి గొంతు. కెమెరా వెనక చిన్న తెర మీద చూసి చెప్పమంటారా అని ఆమె అడిగితే వద్దన్నాడు. ఇంటికెళ్ళాక, తీరిగ్గా అన్నాడు. ఆమె కారు నడుపుతుంటే, దారి పొడుగునా కిటికీ దించుకుని, తాళం తప్పిన పాట ఏదో లోలోపల పాడుకున్నాడు.

ఇంటికొచ్చి ఆయన స్నానానికి వెళ్ళాడు. ఆమె కంప్యూటర్ పెట్టి, చివరి ఫొటోలు తెరిచింది.

పక్షి ఉంది. నడిమధ్యన ఉంది. రెక్కలు పైకెత్తి, నోరు తెరిచి, కింది ముక్కు నీళ్ళలో దించి, వెనక గీత సాగదీసి, ఆయన ఇన్నేళ్ళు చెప్పినట్టే ఉంది. కానీ అంతా కరిగిపోయి ఉంది. నలుపు, తెలుపు, మధ్యలో నారింజ మరక. ఎడమ అంచున మాత్రం పుల్ల చివర ఎర్ర తూనీగ, కాళ్ళ మీది వెంట్రుకలు లెక్కపెట్టేంత స్పష్టంగా, ఈ గొడవతో తనకేం సంబంధం లేనట్టు కూర్చుని ఉంది.

ఎక్కడ ఏం చేసిందో ఆమెకి ఒక్కసారిగా అర్థమైంది. బాత్‌రూంలో నీళ్ళ చప్పుడు వినిపిస్తోంది, ఇంకా పాట కూడా.

తన కెమెరాలో కార్డు తీసి పెట్టి చూసింది. ఒక్కటే ఫొటో. పక్షి చిన్నగా ఉంది గానీ కత్తిలా ఉంది. కంటి పక్కన తడి మెరుపు కూడా పడింది. కాస్త కత్తిరిస్తే క్లబ్బు గోడకి ఎక్కుతుంది. దీన్ని ఆయన పేరుతో పెడితే ఎవరికీ తెలియదు. పడవవాడికి తెలియదు. అందరికన్నా ముఖ్యంగా ఆయనకి తెలియదు. కూర చప్పగా ఉందని తెలిసీ సరిపోయిందన్న మనిషి ఆమె, కొన్న చీర ఖరీదు సగం చేసి చెప్పిన మనిషి. అబద్ధం ఆడటానికి నోరు రాకపోవడం అనే జబ్బు ఆమెకి లేదు.

నీళ్ళ చప్పుడు ఆగింది. ఆయన ఇకమీదట చూడబోయేవి తలలో ఉన్న బొమ్మలే అని ఆమెకి తోచింది. కూర్చుని, కళ్ళు మూసుకుని, ఒక్కొక్కటీ తీసి చూసుకుంటాడు. వాటిలో ఇదే పైన ఉంటుంది. రోజూ దీన్నే తీస్తాడు. తీసిన ప్రతిసారీ అది ఆమెదే అయి ఉంటుంది, ఆయనకి తెలియకుండా.

డాక్టరు తడి జుట్టుతో వచ్చి, అలవాటైన కుర్చీలో కూర్చున్నాడు. "చెప్పు," అన్నాడు.

ఆమె ఆయనకి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"పక్షి ఉంది. మధ్యలో ఉంది. కింది ముక్కు నీళ్ళలో ఉంది, పైది తెరిచి ఉంది, గీత ఉంది. మీ వేలు ఎక్కడా తప్పలేదు."

ఆయన మొహం విప్పారబోయి ఆగింది. ఇన్నేళ్ళ కాపురంలో ఆమె గొంతులో మిగిలిపోయిన మాటని గుర్తుపట్టడం ఆయనకీ వచ్చు. "అయితే?"

"ఫోకస్ లేదు. నేను పెట్టింది తూనీగ మీద. ముందు గీత మీదే పెట్టాను. అది వచ్చి వాలింది, ఒక్కసారి చూద్దామని తిప్పాను, అలాగే బిగించేశాను." ఊపిరి తీసుకుంది. "నేనూ ఒకటి తీశాను. బాగా వచ్చింది. దాన్ని మీదని చెప్దామనుకున్నాను."

ఆయన గోడ గడియారం కింద, ఆమె చెవి పక్కగా చూస్తూ కూర్చున్నాడు. ఆమె తిట్లకి సిద్ధమైంది. పడవలో విన్న గొంతు కోసం ఎదురుచూసింది. అది వచ్చినా బావుండుననుకుంది.

"నాది ఎలా ఉందో చెప్పు," అన్నాడు చివరికి. "మసకంటే ఎంత మసక?"

ఆమె తెర వైపు తిరిగి చూస్తూ చెప్పసాగింది. అంచుల్లో అంతా బావుందండీ, పుల్ల, తూనీగ, దాని రెక్కలో గళ్ళు. మధ్యలోకి వచ్చేసరికి ఏమీ లేదు. నల్లగా ఏదో ఉందని తెలుస్తుంది, కదులుతోందని తెలుస్తుంది. అది పక్షని తెలిసినవాళ్ళకే తెలుస్తుంది. దాని మొహం ఉండాల్సిన చోట ఒక రంగు, అంతే. ఎంత చూసినా...

అక్కడ ఆగిపోయింది. తన మాటలు తనకే వినిపించాయి.

"ఊఁ," అన్నాడాయన. "ఎంత చూసినా అంతే. సరిగ్గా అదే చూశాను నేను."

నెలల తరబడి ఆమె అడిగిన ప్రశ్నకి జవాబు తెర మీద ఉంది. ఎలా ఉంది, ఏం కనిపిస్తోంది అంటే ఇదీ. ఆమె దాన్ని చాలాసేపు చూసింది. తూనీగని కాదు, దాన్ని చూడటం తేలిక. మధ్యలోని మరకని చూసింది. దాని అంచులు సరిచెయ్యాలని కన్ను ఎంత తాపత్రయపడినా అది సరి కాలేదు. కాసేపటికి కళ్ళు నొప్పి పుట్టాయి. ఆమె తల పక్కకి తిప్పుకోవచ్చు. తిప్పుకుంది కూడా.

"దాన్ని చెరిపెయ్యకు," అన్నాడు డాక్టరు. "అలాగే క్లబ్బుకి పంపు. కళ్ళ సంగతి కూడా నేనే చెప్తాను. నీది కూడా పంపు, నీ పేరుతో."

"ఈకలున్నవి మీవి కదా."

"నా ఫొటోలో నీ తూనీగ కూర్చోలేదూ."

ఆమె లేచి, ఎదురుగా ఉన్న కుర్చీని ఎత్తి, ఆయన ఎడమ భుజం పక్కకి, కొంచెం ముందుకి వేసుకుని కూర్చుంది. ఎవరూ ఎవరితోనూ అలా కూర్చుని మాట్లాడరు, బస్సులో తప్ప. ఆయన తల తిప్పలేదు. తిన్నగా తెర వైపే చూస్తూ, పక్క చూపుని ఆమె మీద నిలిపాడు.

"చెంప దగ్గర బాగా నెరిసిందే," అన్నాడు.

"ఎప్పుడో నెరిసింది," అందామె.